ఇల్లు చూడవచ్చినవారికి చూపిన చేపలు

ఆ రోజుల్లో నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వితే వంశం పలచనవుతుందని నా నమ్మకం. జగ్గయ్యపేటలో మా తాతలు కట్టించిన మేడను ఎవరో కొని, ఏసీలు పెట్టించి, ఫంక్షన్ హాలు చేశారు. (అక్కడ జరిగే పెళ్ళిళ్ళకు నాకూ శుభలేఖలు వచ్చేవి. వెళ్ళేవాణ్ణి కాదు. మా మేడకు నేను అతిథిగా వెళ్ళడమేమిటి?) పొలాలు పోయాయి, మనుషులు పోయారు, నిటారుగా కూర్చునే అలవాటొక్కటే నా వాటాకు వచ్చింది.

జువాలజీ చదివినందుకు నందిగామ శివార్లో, హైవే పక్కనున్న చిన్న పరిశోధనశాలలో ఉద్యోగం దొరికింది. వేలెడంత కూడా ఉండని చారల చేపల్ని, జీబ్రా చేపలంటారు, అక్కడ గాజు తొట్లలో పెంచేవాళ్ళం. వాటి పిల్లలు గుడ్డులో ఉన్నప్పుడు అద్దంలా ఉంటాయి. గుండె ఎలా రూపు కడుతోందో, ఏ మందుకు ఎలా తడబడుతోందో కోయకుండానే కనిపిస్తుంది. మనిషి గుండెజబ్బుల సంగతి ఆ నలుసుల దగ్గర నేర్చుకోవడం మా పని. తోటివాళ్ళు నన్ను 'దొరగారూ' అని పిలిచేవారు. అది వెటకారమని తెలియడానికి చాలాకాలం పట్టింది. తెలిశాక కూడా పలికేవాణ్ణి. మధ్యాహ్నం వాళ్ళంతా క్యారేజీలు విప్పి కూరలు పంచుకుంటుంటే, ఒకరి కూర అడగడానికి నోరు రాక, నా పచ్చడి మెతుకులు ఒకరికి చూపించలేక, పక్కన తొట్ల గదిలో ఒక్కణ్ణే తినేవాణ్ణి. రోజు మొత్తం మీద నేను మాట్లాడేది చేపలతోనే. వాటినీ 'మీరు' అనేవాణ్ణి.

అలాంటి నాకు మా బాబాయి పెనుగంచిప్రోలులో ఒక సంబంధం తెచ్చాడు. మిర్చి రైతుల కుటుంబం. అమ్మాయి బడిలో సైన్సు టీచరు. పెళ్ళిచూపుల్లో నేను కూర్చున్న తీరు చూసి అమ్మాయి నాయనమ్మ, అబ్బాయికి నడుము పట్టేసిందా అని బాబాయిని చాటుగా అడిగిందట. అయినా అమ్మాయికి నచ్చాను. నాకైతే ఆ వారమంతా చేపలకు మేత వేస్తూ ఆమె కబుర్లు చెప్పేంతగా నచ్చింది. ఇక ఆనవాయితీ ప్రకారం వాళ్ళు అబ్బాయి ఇల్లు చూడటానికి రావాలి. ఇల్లేదీ? నేనుండేది పురుగుమందుల కొట్టు మీద ఒక్క గది. ఒక మంచం, ఒక కుర్చీ, కింది నుంచి వాసన. ఆ మెట్లు వాళ్ళచేత ఎక్కించడం నా వల్ల కాలేదు. పైవాళ్ళ అనుమతి తీసుకుని, ఆదివారం అందరినీ ల్యాబుకే తీసుకురమ్మని బాబాయికి చెప్పాను. చల్లగా ఉంటుంది, నేల మెరుస్తుంది, గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొడతాడు.

వచ్చారు. (తెచ్చిన అరటిపళ్ళు లోపలికి తీసుకెళ్ళకూడదని ఆ వాచ్‌మనే ఆపేశాడు. శకునం అక్కడే చెడింది.) నాయనమ్మను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. ఆవిడ చాలాసేపు కదల్లేదు.

"గుండె కొట్టుకుంటందిరా, ఇంత నలుసుకి," అంది కొడుకుతో, నెమ్మదిగా. తర్వాత నా వైపు తిరిగి, "దీని తల్లేదయ్యా?" అనడిగింది.

"తల్లిని దగ్గర ఉంచమండి. ఉంచితే గుడ్లను తినేస్తుంది. తండ్రీ అంతే."

శుభమా అని వచ్చినవాళ్ళతో అనవలసిన మాట కాదని అన్నాక తెలిసింది.

"తాతల ఆస్తి తిన్నోళ్ళని చూశా గానీ, కన్నబిడ్డల్ని తినేవాళ్ళని ఇక్కడే చూస్తన్నా," అందావిడ. బాబాయికి దగ్గొచ్చింది. నా వెన్ను ఇంకో అంగుళం లేచింది.

అమ్మాయే ఆదుకుంది. వీటి గుండె కొంత కోసేసినా మళ్ళీ పెరుగుతుందటగా అనడిగింది. పెరుగుతుందండి, మనిషికైతే మచ్చే మిగులుతుంది, ఆ తేడా ఎందుకో చూస్తున్నామని చెప్పాను. ఆమె తొట్ల మధ్య ఉన్న నా క్యారేజీని చూసింది.

"రోజంతా ఒక్కరే ఉంటారా ఇక్కడ?"

అవునండి, కష్టంగానే ఉంది అంటే సరిపోయేది. "మా వంశంలో ఏకాంతం అలవాటేనండి," అన్నాను.

వాళ్ళ నాన్న గడియారం చూసుకున్నాడు. "సరే బాబూ, ఇక ఇంటికెళ్దామా?"

"ఇదేనండి."

"ఇది ఆఫీసు కదా. మీరుండేది?"

"అది చూపించడానికి వీలుపడదండి."

ఆయన బాబాయి వైపు చూశాడు. బాబాయి చేపల వైపు చూశాడు.

మర్నాడు బాబాయి ఫోన్ చేశాడు. "ఆ గదిలో ఎవర్నో పెట్టుకున్నావంటున్నార్రా వాళ్ళు. లేకపోతే చూపించడానికేం అన్నారు. అమ్మాయి మాత్రం, ఒక్కసారి గది చూస్తే చాలంటంది. తీసుకొస్తా, చూపించరా."

"నా మాట మీద నమ్మకం లేనివాళ్ళకు నా గది చూపించను," అన్నాను. చాలా గంభీరంగా అన్నానని అప్పట్లో మురిసిపోయాను కూడా. బాబాయి ఫోన్ పెట్టేశాడు. ఆ వేసవిలోనే ఆమెకు వేరేచోట పెళ్ళయింది.

నా గదిలో నాకు తోడుగా ఇంకొకరున్నారని ఈ లోకంలో నమ్మింది ఆ ఒక్క కుటుంబమే. బాబాయి ఫోన్ చేసిన సాయంత్రం ఉక్రోషంతోనే మెట్లెక్కి, తాళం తీయబోయి, ఎందుకో ముందు తలుపు తట్టాను. మర్యాదగా తట్టి, కాసేపు ఆగాను కూడా. ఆ తలుపు ముందు జవాబు కోసం నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన ఎవరైనా ఉంటే, ఇంకాస్త గట్టిగానే వచ్చేది.