మామగారి రెండు సీట్ల కారు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర సర్వీస్ సెంటర్‌కి మా కారు తీసుకెళ్తే, అక్కడి అమ్మాయి బానెట్ ఎత్తకుండానే డాష్‌బోర్డు కింద ఏదో వైరు తగిలించి, ల్యాప్‌టాప్ వంక చూసి, సెన్సర్ పోయిందండీ, అరగంటలో మార్చేస్తాం అంది. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ కూడా ఇచ్చారు. నాకెందుకో చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఒకప్పుడు కారుకి జబ్బు చేస్తే దాని ఒంటి మీద చెయ్యి వేసి చూసినదాన్ని మరి. మన కాలం వాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను కాపురానికి పటమట వచ్చేనాటికి మా మామగారి దగ్గర ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. ఎర్రటి రంగు, రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే చీరతో అందులో కూర్చుని లేవడమే ఒక విద్య. కాలవల డిపార్ట్‌మెంట్లో ఇంజనీరుగా చేసి రిటైరైన ఆయన, ఎవరో వాడి వదిలేసిన ఆ బండిని కొని, దాని ప్రతి మరనూ స్వయంగా విప్పి బిగించుకున్న మనిషి. నా పెళ్లికి కాస్త ముందు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పడంతో, ఆ చేతితోపాటు కారూ మూలపడింది. మావారు ఎప్పుడైనా బయటికి తీస్తే బ్యారేజీ దాటేలోపే వేడి చూపే సూది ఎర్రగీత ఎక్కి, ఆవిర్లు కక్కుతూ నడిరోడ్డు మీద నిలబడిపోయేది. చివరికి మావారు విసిగిపోయి, ఏలూరులో ఎవరో కొంటామంటే, వచ్చే ఆదివారం చర్చి అయ్యాక వచ్చి తీసుకెళ్లమని చెప్పేశారు. మామగారు సరేనన్నారు గానీ, ఆ రోజు నుంచి కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోవడం మొదలుపెట్టారు. ఆ మనిషి ప్రాణం ఆ కారులోనే ఉందని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనేవాళ్లే లేరు.

నాకు ఉక్రోషం వచ్చింది. ఎవరైనా ఇక లాభం లేదంటే అదేమిటో చూద్దామనిపించే స్వభావం నాది. చెయ్యి మీది కాకపోతే నాది, ఏం విప్పాలో చెప్పండి అన్నాను మామగారితో. ఆయన నా గాజుల వంక చూశారు.

"ముందవి తీసి లోపల పెట్టిరా అమ్మాయ్. బ్యాటరీకి తగిలితే నిప్పులు రాల్తాయ్."

అలా మా ఇంటి షెడ్డు నాకు బడి అయింది. ఆయన బల్ల మీద కూర్చుని చెప్పడం, నేను చెయ్యడం. ముందు చూడాలి, తర్వాత వినాలి, ఆ తర్వాత ముట్టుకోవాలి, అప్పుడు గానీ స్పానర్ తియ్యకూడదని ఆయన నియమం. బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగాం, ప్లగ్గుల మసి గీకాం, వదులైన ఫ్యాను బెల్టు బిగించాం. ఇంజను హాయిగా తిరగసాగింది గానీ వేడి మాత్రం తగ్గలేదు. ఇంజనులో నీళ్లు కాగాక వాటిని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ మీద అనుమానపడి, అది తెరుచుకుంటోందో లేదో చూడ్డానికి మా అత్తగారి పాలగిన్నెలో వేసి పొయ్యి మీద మరిగించాం. అది బుద్ధిగా తెరుచుకుంది. అత్తగారు మాత్రం ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

ఇక మిగిలింది రేడియేటరే. ఇంజను కాసేపు తిప్పి ఆపేశాక, దాని మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి మెల్లగా జరపమన్నారు మామగారు. పైన చెయ్యి చురుక్కుమంది, మధ్యకి వచ్చేసరికి చాలామేర చల్లగా తగిలింది. వేడినీళ్లు అక్కడిదాకా రావడం లేదు, లోపల ఏదో అడ్డుపడింది అంటూ ఆయన బల్ల మీంచి లేచి నిలబడ్డారు. అంతా చల్లారాక కింది మర విప్పి తీగతో పొడిస్తే, ముందు చుక్కలు చుక్కలుగా, తర్వాత చిక్కగా, పచ్చగా, పప్పుచారులా కారింది. వాసన చూశాను. పసుపు. ఇద్దరం ఒకేసారి వంటింటి వైపు చూశాం.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, దాచకుండా మామగారితో చెప్పేశారు.

"నీళ్లు కారిపోతున్నాయండీ. మీ చెయ్యి బాలేదని నేనే పోశాను. పక్కింటి లారీ ఆయన గుప్పెడు పసుపేస్తే కారడం ఆగుద్దన్నాడు, ఆగింది కూడానూ. దుగ్గిరాల కొమ్ములు దంచిన పసుపు, కల్తీదేం కాదు."

గుప్పెడన్నదాన్ని ఆవిడ ప్రేమకొద్దీ సగం డబ్బా చేశారు. లారీకి అది చెల్లిందేమో గానీ, ఈ కారు సన్నటి గొట్టాల్లో ముద్దకట్టి గట్టిపడిపోయింది. మామగారు కోప్పడతారనుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు, కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వారు. జబ్బు చేశాక ఆయన అలా నవ్వడం అదే మొదలని అత్తగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు.

రేడియేటర్‌ని ఒళ్లో పెట్టుకుని మామగారితో రిక్షాలో ఆటోనగర్ వెళ్లాను. అక్కడ పైభాగం విప్పి, ఒక్కో గొట్టంలోకి సన్నటి ఊచ దూర్చి శుభ్రం చేసి, కారే చోట సరైన అతుకు వేసి ఇచ్చారు. శనివారం మధ్యాహ్నానికి తెచ్చి బిగించేశాం. మావారు మాత్రం మెత్తబడలేదు. ఈ ఎండలోనే మంగళగిరి దాకా వెళ్లి, ఎక్కడా ఆగకుండా తిరిగొస్తే ఏలూరు వాళ్లకి వద్దని చెప్తానన్నారు. అంటూ తాళం కోసం చెయ్యి చాపారు. మామగారు ఆ తాళం నా చేతిలో పెట్టి, వెళ్లి పక్క సీట్లో కూర్చున్నారు. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి మావారు గేటు దగ్గరే ఉండిపోయారు.

పెళ్లికి ముందు మా నాన్నగారి జీపు నడిపినదాన్నే అయినా ఆ రోజు నా గుండె ఇంజను కన్నా గట్టిగా కొట్టుకుంది. మామగారికి ఇంకొకరు నడిపితే నమ్మకం ఉండదు. బ్యారేజీ మీద, తాడేపల్లి దగ్గర, ఎద్దుబండి ఎదురైన ప్రతిచోటా తన వైపు లేని బ్రేకును ఆయన కాలు తొక్కుతూనే ఉంది, చూపు సూది మీదే ఉంది. మంగళగిరిలో బండి వెనక్కి తిప్పాను. కాసేపటికి ఆ కాలి చప్పుడు ఆగిపోయింది. ఏమైందోనని భయపడి పక్కకు చూస్తే, తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరిచి, ఆయన నిద్రపోతున్నారు. బ్యారేజీ ఇంకా రాలేదు. నాకు ఏడుపొచ్చింది. గుంతలు తప్పించుకుంటూ, లేపకుండా ఇంటికి తెచ్చాను. మావారు గేటు తీసి, సూది వంక కాకుండా తండ్రి వంకే చూసి, చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్లి ఏలూరుకి ఫోన్ చేశారు.

ఇప్పటి కారు తన జబ్బు తానే చెప్పుకుంటుంది. మంచిదే, ఆడపిల్లలు ఒంటరిగా ఎంత దూరమైనా నిశ్చింతగా వెళ్లొస్తున్నారు, నాకు అదే సంతోషం. మా కారులో కూడా ఎక్కిన ఐదు నిమిషాలకి అందరూ కునుకు తీస్తారు, బండి బాగుంటుందని తెలుసు కాబట్టి. ఆ రోజు బండి బాగైందో లేదో ఇంకా తేలలేదు. అయినా ఆయన నిద్రపోయారు.