మాడసామికి తెలుగు వచ్చు

మాడసామికి తెలుగు రాదనుకోవడం ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు. ఎదుటి మనిషికి అర్థం కాని భాషలో అతన్ని ఏమన్నా ఫరవాలేదనుకోవడం రెండోది. మొదటిది పొరపాటు. రెండోది నా బుద్ధి. ఇన్నేళ్ల తరవాత కూడా నేను దిద్దుకుంటున్నది ఆ రెండోదాన్నే.

అది 2005. కోవిల్‌పట్టిలో ఒక మందుల షాపు మేడమీద నా ఆఫీసు. సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి. ఇళ్లకు ప్లాన్లు గీయడం, మునిసిపాలిటీ అనుమతి తేవడం, కాంట్రాక్టర్ల దగ్గర కొటేషన్లు తెప్పించి వాటిలో ఏది మంచిదో ఇంటివాళ్లకు చెప్పడం నా పని. మాది ఎట్టయాపురం పక్కన సేద్యం చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. చిన్నప్పుడు ఆ భాష మాకు బేరాల్లో పనికొచ్చేది. బట్టల కొట్టులో మా అమ్మ చీర చూస్తూ తమిళంలో మెచ్చుకునేది, పక్కనున్న మా నాన్నతో మాత్రం తెలుగులో "శానా ఎక్కువ చెప్తాడు, లేద్దాం" అనేది. కొట్టువాడు నవ్వుతూనే ఉండేవాడు. అది చూసి పెరిగాను. తెలుగంటే మా ఇంటి గోడల్లాంటిదనీ, దాని వెనక నిలబడి ఏమైనా అనుకోవచ్చనీ నాకు అలవాటైపోయింది.

ఎస్తరమ్మ కూడా తెలుగు మాట్లాడే మనిషే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. భర్త జ్ఞానముత్తు నూలు మిల్లులో చాలా కాలం చేసి, ఆ దూదిపొడికి ఆయాసం తెచ్చుకున్నాడు. అయినా డ్యూటీ మానలేదు. వాళ్ల పాత పెంకుటిల్లు వెనక్కి ఒరిగిపోతే పడగొట్టేశారు. ఆ స్థలంలోనే ఒక మూల తాటాకుల చాపు, అంటే ఒకవైపు వాలిన చిన్న పాక, వేసుకుని, కొత్త ఇంటి కోసం నా దగ్గరికొచ్చారు. ఎస్తరమ్మ ఒక్కటే అడిగింది. "ఐప్పసి వానలు పట్టేలోగా ఆయన తలమీద కప్పు పడాల సార్. తడి తగిల్తే ఆయనకి ఊపిరి ఆడదు." మాకు పెద్ద వానలు అక్టోబరులో మొదలవుతాయి. అప్పటికి ఆడి మాసం, అంటే జూలై నెలాఖరు. మనుషులు దొరికితే సమయం చాలు.

మనుషులే దొరకని ఏడాది అది. తాపీ పనివాళ్లు చాలామంది కేరళకు పోయారు. సునామీ తరవాత తీరం పొడుగునా ఇళ్లు కడుతున్నారని మిగిలినవాళ్లు అటు పోయారు. నేను పని నేర్చుకున్నది తొంభైల్లో విరుదునగర్‌లో. అప్పుడు తెల్లవారేసరికి బస్టాండు దగ్గర మేస్త్రీలు, కూలీలు టిఫిన్ డబ్బాలతో నిలబడి ఉండేవాళ్లు. మా పెద్ద కాంట్రాక్టరు వాళ్లను ఎండ ఎక్కేదాకా నిలబెట్టి, అప్పుడు కూలి చెప్పేవాడు. ఎండలో నిలబడ్డవాడు తక్కువకే వస్తాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న చదువు అది. బస్టాండు ఖాళీ అయి ఏళ్లు గడిచినా నా చదువు మారలేదు.

రెండు కొటేషన్లు వచ్చాయి. రెండూ లేబర్ రేటువే, అంటే ఇటుక, సిమెంటు, ఇనుము ఇంటివాళ్లవి, మనుషులు కాంట్రాక్టరువాళ్లు. మా వైపు దీన్ని చదరానికి ఇంత అని చెప్తారు, చదరమంటే వంద చదరపు అడుగులు. సెల్వం అనే అతను తక్కువ చెప్పాడు. మాడసామి అంతకంటే బాగా ఎక్కువ చెప్పాడు, పైగా ముందుగా పెద్ద అడ్వాన్సు అడిగాడు.

మాడసామిని స్థలానికి రమ్మన్నాను. నలభై దాటిన మనిషి, నుదుట విభూది, చెవిలో పెన్సిలు. ఎస్తరమ్మ మజ్జిగ ఇచ్చింది. అతను తాగి, మట్టి చూడటానికి తవ్వించిన గోతిలో దిగి నల్లమట్టిని పిడికిట నలిపి చూసి, పైకొచ్చాడు.

"ఈ అడ్వాన్సు దేనికయ్యా? రేటెందుకింత?" అని తమిళంలో అడిగాను.

"నా మనుషుల్ని నిలబెట్టడానికి సార్," అన్నాడు తమిళంలోనే. "కేరళ ఏజెంటు వారానికోసారి మా ఊరికొస్తున్నాడు. ఇక్కడ కప్పు పడేదాకా వాళ్లు కదలకూడదంటే వాళ్ల ఇళ్లలో ముందే కొంత పెట్టాలి. మీరిచ్చేది అందుకే. నాకేం మిగలదు."

నిజానికి ఆ కొటేషన్‌లో అంతకంటే విలువైన మాట లేదు. నాకది సాకులా వినిపించింది. మాడసామి నేల లెవెలు చూడటానికి రెండడుగులు పక్కకు జరిగాడు. నేను ఎస్తరమ్మ వైపు తిరిగి, మామూలు గొంతుతోనే, తెలుగులో అన్నాను. "ఈయప్పని కొంచేపు ఎండలో కాయనీ అమ్మా. ఈళ్లకి కూడు దొరికితే చాలు. పొద్దు గూకేలోగా దిగొస్తాడు."

ఎస్తరమ్మ ముఖం చిన్నబోయింది. "అట్ల అనగూడదు సార్," అంది మెల్లగా.

మాడసామి చేతిలోని టేపు చుట్టుకున్నాడు. తొందరేమీ పడలేదు. మజ్జిగ తాగిన చెంబు ఎత్తి, నీళ్లతో కడిగి, ఎస్తరమ్మ చేతికిచ్చాడు. ఆమెతోనే, నా వైపు చూడకుండా, తెలుగులో అన్నాడు. "మాకి కూడు ఉండాదమ్మా. పనీ ఉండాది. పొయ్యొస్తాము."

మా తెలుగే. మా అమ్మ మాట్లాడేదే. ఆ భాష మా వీధిదీ, మా పొలం గట్టుదీ అనుకున్నాను. ఊరవతల కూలి ఇళ్లలో కూడా తరతరాలుగా అదే భాష ఉందని తెలిసి కూడా, బేరం దగ్గర గుర్తు రాలేదు. అతని సైకిలు వీధి మలుపు తిరిగేదాకా నేను కదల్లేదు. పిలవనూ లేదు. పిలిస్తే చాలేదేమో. "పోనీ అమ్మా, సెల్వం ఉన్నాడుగా," అన్నాను.

సెల్వం ఉన్నాడు. అతని మనుషులే లేరు. పని మొదలైన రోజు పదిమందిని చూపించాడు. పునాది అయ్యేసరికి సగమయ్యారు. గోడలు లింటెల్ దాకా, అంటే గుమ్మాల పైన వేసే కాంక్రీటు పట్టీ దాకా లేచాక మిగిలినవాళ్లు కేరళ బస్సెక్కారు. సెల్వాన్ని వెతుక్కుంటూ ఇంటికి పోతే అతని భార్య గుమ్మంలోనే చెప్పింది. "మీకు తక్కువ రేటు కావాలి సార్, ఆయన చెప్పాడు. ఆ రేటుకు మనుషులు ఒప్పుకోవద్దా?" ఆమె మాటలో తప్పేమీ లేదు. సెంటరింగ్ చెక్కలు కూడా రాలేదు. అవి లేకపోతే కప్పు పోయడానికి అచ్చే ఉండదు. ఊళ్లో ఇంకెవరినడిగినా పొంగల్ తరవాతే అన్నారు.

వాన మొదలైంది. కప్పులేని గోడల మధ్య నీళ్లు నిలిచాయి. తాటాకు చాపు కింద జ్ఞానముత్తు పడుకోలేక, గోనెపట్టా కప్పుకుని కూర్చునేవాడు. ఒక పొద్దున ఎస్తరమ్మ అతన్ని ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయిందని తెలిసి వెళ్లాను. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంది. నన్ను చూసి ఆయన చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఎస్తరమ్మ నన్ను వరండాలోకి తీసుకొచ్చింది.

"ఆ దినం మీరు నా కోసరం మాట్లాడినారా సార్, మీ కోసరం మాట్లాడినారా?"

"నీకు ఖర్చు తగ్గించాలనే అమ్మా."

"నేను తగ్గించమని అడగలేదు. కప్పు అడిగినాను."

ఆస్పత్రి నుంచి వచ్చాక వాళ్లిద్దరినీ నా ఆఫీసు కింద, మందుల షాపు వెనక గదిలో ఉంచాను. వాన పడకముందే చెయ్యాల్సిన పని. జ్ఞానముత్తు ప్రాణానికి ప్రమాదం తప్పింది గానీ, ఆ వానాకాలం తరవాత మిల్లుకు మళ్లీ పోలేదు. నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోయేవాడు. దూదిపొడి ఎంత పాడుచేసిందో, వాన ఎంత పాడుచేసిందో డాక్టరు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మాడసామి విరుదునగర్‌లో ఒక పప్పుల గోడౌను కడుతున్నాడని విని బస్సెక్కాను. నేను పోయేసరికి అతని మనుషులు టిఫిన్ తింటున్నారు. అందరూ ఉన్నారు. కేరళకు పోకుండా నిలబెడతానన్నవాళ్లను నిలబెట్టుకునే ఉన్నాడు. నేను దగ్గరికి పోయి, తెలుగులో, "మాడసామీ, కొంచెం పక్కకి వస్తావా, మాట్లాడాలి," అన్నాను.

అతను చెయ్యి కడుక్కుంటూ తమిళంలో జవాబిచ్చాడు. "నాకు తెలుగు రాదు సార్. ఏదైనా ఇక్కడే తమిళంలో చెప్పండి."

ఏం అడుగుతున్నాడో అర్థమైంది. తమిళంలో చెప్పాను. ఆ రోజు తెలుగులో అన్న మాట కూడా, ఒక్క ముక్క తగ్గించకుండా, వాళ్లందరి ముందూ తమిళంలో చెప్పాను. 'చాలు' అన్నదానికి తమిళంలో 'పోదుం' అంటారు. ఆ మాట నోటికి రావడానికి నాకు చాలాసేపు పట్టింది. చెప్పి, క్షమించమన్నాను. మాడసామి పని ఎందుకు వదులుకున్నాడో అప్పటిదాకా వాళ్లెవరికీ తెలియదని వాళ్ల ముఖాల్లో కనిపించింది. సిమెంటు మోసే ఆడవాళ్లలో పేచ్చి అనే పెద్దావిడ నోట్లో ముద్ద మింగి, "అయితే ఆ కూడైనా తెచ్చారా సార్, ఉత్త చేతులతోనే వచ్చారా?" అంది. ఒకరిద్దరు నవ్వారు. మాడసామి నవ్వలేదు.

"మీ కోసం నేను రాను," అన్నాడు. "ఈ పని పొంగల్ దాటాక తై నెలలో అయిపోతుంది. ఆ అమ్మ పిలిస్తే అప్పుడొస్తాము. ఇప్పుడు ఈ గోడౌను ఆయన పని వదిలి వస్తే నేనూ సెల్వమే కదా?"

ఆ తరవాత కొటేషన్ చూసే పద్ధతి మార్చుకున్నాను. కింద వేసిన మొత్తం కంటే ముందు మనుషుల సంగతి అడుగుతాను. ఎవరు, ఏ ఊరు, ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు. వీలైతే ఆ పని దగ్గరికే పోయి చూస్తాను. పనివాళ్లు దొరకని కాలంలో, మనుషులు చివరిదాకా నిలబడటానికయ్యే ఖర్చు రేటులో కనపడకపోతే ఆ రేటును నమ్మను. ఎవరి కొటేషన్ కాదన్నా, ఎందుకు కాదన్నానో వాళ్లకే, వాళ్ల భాషలో చెప్తాను. కాంట్రాక్టరు ఎదుట ఇంటివాళ్లతో పక్కమాట ఆడను. కొందరికి ఇది చాదస్తంలా ఉంటుంది.

తైలో ఎస్తరమ్మ పిలిచింది, వాళ్లు వచ్చారు. కప్పు పోసే రోజు ఇద్దరు ఆడవాళ్లు రాలేదు. కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ పైకెళ్లే వరసలో ఖాళీ పడింది. నేను చొక్కా విప్పి ఆ ఖాళీలో నిలబడ్డాను. వద్దని ఎవరూ అనలేదు. పోత అయ్యాక ఎస్తరమ్మ అందరికీ అన్నం పెట్టింది. వడ్డిస్తున్న పేచ్చి నా ఆకు ముందు గరిటె ఆపి, "పోదుమా సార్?" అంది. చుట్టూ తినడం ఆగిపోయింది.

"చాలదు పేచ్చీ, ఇంకొంచెం పెట్టు," అన్నాను. ఈసారి అందరూ నవ్వారు. మాడసామి తలొంచుకుని తింటూనే ఉన్నాడు. ఆ విరుదునగర్ రోజు నుంచీ అతను నాతో తమిళం తప్ప మాట్లాడలేదు.

కొత్త కప్పును తడి ఆరకుండా ఉంచాలి, లేకపోతే పగుళ్లిస్తుంది. కప్పు మీద మట్టి గట్లు కట్టి, మళ్లలో నీళ్లు నిలుపుతారు. ఎస్తరమ్మ చీకట్లోనే ఫ్యాక్టరీ వ్యానెక్కాలి. జ్ఞానముత్తు నిచ్చెన ఎక్కలేడు. నీళ్లు పట్టే పని నేను తీసుకున్నాను. రోజూ పొద్దున్నే పోయి పైపు లాగి, మళ్లు నింపి, గట్టు తెగినచోట మట్టి పెట్టి, ఆ తరవాత ఆఫీసుకు పోయేవాణ్ణి. కింద జ్ఞానముత్తు కుర్చీలో కూర్చుని మోటారు స్విచ్చు చూసుకునేవాడు.

సెంటరింగ్ విప్పే రోజు దగ్గర పడ్డాక ఒక పొద్దున మాడసామి వచ్చాడు. నిచ్చెన ఎక్కి, గట్ల మీద నడుస్తూ ఒక్కో మడి చూశాడు. తూర్పు మూల దగ్గర ఆగి, కాలి వేలితో మట్టిని గీకాడు.

"ఈ మూల ఆరిపోయుండాది సార్," అన్నాడు తెలుగులో. "ఇంగా కొంచెం పొయ్యండి."

పైపు అటు తిప్పాను.