సత్యానికి వచ్చిన రకం

మల్కాపురంలో ఎవరికైనా లివర్ పాడైందంటే ఆ మనిషి తాగుతాడని అర్థం. ఇంకో అర్థం ఉందని మా వీధిలో ఎవరికీ తెలియదు. పోర్టులో క్రేన్ నడిపే సత్యానికి అసలే తెలియదు. తాగుడనే అర్థాన్ని ఇంటింటికీ మోసినవాడు ఆయనే మరి.

సత్యం చర్చిలో సంఘపెద్ద. తాగుడు మానండని చెప్పడం ఆయనకు క్రేన్ నడపడం కంటే ఇష్టమైన పని. చెప్పడానికి ఉదాహరణ కావాలి కదా, అది పక్కింట్లోనే దొరికింది. ఎల్లారావు సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు, వచ్చాక తాగేవాడు. సత్యం అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, "ఈడి లివర్ జల్లెడైపోయుంటాది, సూడండి," అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేవాడు. ఎల్లారావు బుద్ధిగా చొక్కా ఎత్తి పొట్ట చూపించేవాడు. ఇంత జరిగినా ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో సత్యానికి ఒళ్ళంతా దురద పట్టుకుంది. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లేనని ఆయన భార్య ఆరోగ్యమ్మ ఆకుమందు తాగించింది. తగ్గలేదు. ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, లివర్లో కేన్సర్ అన్నారు. మర్నాటికల్లా ఆ కబురు పూర్ణా మార్కెట్ దాకా పాకింది.

"దొంగసాటుగా తాగీవోడన్నమాట," అన్నారు జనం. పాస్టరుగారు కూడా ఆ ఆదివారం సత్యాన్ని ఎప్పటిలా చర్చిలో వాక్యం చెప్పమని పిలవలేదు. మనిషి చావుబతుకుల్లో ఉంటే మావాళ్ళకు సీసాల ఆరా కావలసి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సత్యం మాత్రం జబ్బు సంగతి వదిలేసి, ఈ నింద ఎలా పోగొట్టుకోవాలా అని కుమిలిపోయాడు.

ఆసుపత్రికి తోడు వెళ్ళిన ఎల్లారావు, అలవాటుకొద్దీ డాక్టరు ముందు కూడా చొక్కా ఎత్తాడు. ఆయన చెయ్యి వేసి నొక్కి చూసి, ఇతనికీ స్కానింగ్ రాశారు. అక్కడా ఒక గడ్డ బయటపడింది.

డాక్టరు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. రెండూ లివర్లోనే పుట్టినా రకాలు వేరు. ఎల్లారావుది లివర్ కణాల్లోంచే వచ్చింది. తాగుడుతోనో హెపటైటిస్‌తోనో గట్టిపడిన లివర్లో ఎక్కువగా వచ్చేది ఇదే. రక్తపరీక్షలో దాని జాడ దొరికింది. గడ్డ చిన్నది, అంచున ఉంది, మిగతా లివర్ ఇంకా పనిచేస్తోంది కాబట్టి కోసి తీసెయ్యొచ్చు. సత్యానిది లివర్ లోపల పైత్యరసం పారే సన్నని గొట్టాల్లో పుట్టింది. ఆ దురద, ఆ పచ్చదనం అందుకే. రక్తంలో ఆ జాడ లేదు. ఇది చప్పుడు చెయ్యకుండా పాకుతుంది, చాలామందికి ఆలస్యంగానే బయటపడుతుంది. ఆయనకు ఆపరేషన్ కుదరదు. చిన్న గొట్టం పెట్టి కామెర్లు తగ్గిస్తారు, అంతే.

"అయితే నాది తాగుబోతులకొచ్చీ రకం కాదు కదండీ?" అన్నాడు సత్యం.

"తాగనివాళ్ళకి మొదటి రకమూ వస్తుంది, తాగేవాళ్ళకి రెండోదీ వస్తుంది. మీకు మాత్రం తాగుడు వల్ల వచ్చింది కాదు."

సత్యం చివరి ముక్క ఒక్కటే విన్నాడు. ఆయన మొహం వెలిగింది. ఆపరేషన్ కుదరదన్న ముక్క ఆరోగ్యమ్మ వింది, గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఇంటికొచ్చి ఆయన రెండు రకాల తేడా వీధి వీధంతా చెప్పాడు. అందరూ తలలూపారు, ఒక్కరూ నమ్మలేదు.

ఆపరేషన్ అయి కోలుకున్నాక ఎల్లారావు తిన్నగా బ్రాందీ షాపుకి వెళ్ళాడు. తాగడానికి కాదు.

"ఈ కొట్టుకి నాను రాని రోజు నేదు. సత్యం బావ ఒక్కరోజు వచ్చినాడేటి? సూసినోడుంటే సెప్పండి," అన్నాడు.

ఆ విషయంలో ఎల్లారావును మించిన సాక్షి మల్కాపురంలో లేడు. డాక్టరు చదువు చెయ్యలేని పని ఆ మాట చేసింది. ఈ ఆదివారం వాక్యం చెప్పడానికి రమ్మని పాస్టరుగారు కబురు పంపారు. అప్పటికి సత్యం మంచం దిగలేకపోతున్నాడు.

ఆ కబురు ఎల్లారావే తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"నీ పేరు నిలబడిపోనాది, బావా. ఇంకెవుడూ ఒక్క మాటనడు."

సత్యం అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో బలం లేదు, అయినా వదల్లేదు.

"పేరు పోతే పోనాది గాని, నాకూ నీ రకమే వస్తే బాగున్ను, బావా," అన్నాడు. "బతికీవోణ్ణి."