అవతలి ఒడ్డుకి జవాబు

ఎనభైల్లో, దేశం వదిలొచ్చి పిస్కాటవే అనే ఊళ్ళో మేం కొత్తగా కాపురం పెట్టిన రోజులవి. ఒక సాయంత్రం నేనెక్కిన బస్సు మంచులో కూరుకుపోయింది. దిగడానికి లేదు. పక్కసీట్లో హంగేరీ ముసలావిడ. తమది సబోల్చ్ జిల్లాలో, తీసా నది ఒడ్డున పల్లెటూరట. యుద్ధమయ్యాక ఆ నదే సరిహద్దై, అక్క అత్తవారి ఊరు సోవియట్ వైపు వెళ్ళిపోయిందట.

“కేకేస్తే సైనికులు ఊరుకోరు. పాడుకుంటే పట్టించుకోరు. అందుకే అమ్మ పోయిందని, అవతలి ఒడ్డునున్న అక్కకి వినపడేలా కోతపాట వరసలో పాడాను,” అంది.

“ఆవిడకి వినపడిందా?” అన్నాను.

“బట్టలుతుకుతూనే అదే వరసలో అందుకుంది, ‘ఎక్కడ పూడ్చారు?’ అని. జవాబు పాడేలోగా సైనికుడొచ్చి నన్ను తరిమేశాడు. మళ్ళీ అక్కని చూడలేదు.”

ఆవిడ కిటికీ వైపు తిరిగి, ఆ జవాబు తన భాషలో సన్నగా పాడింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మాటలు తెలియవు గానీ, ఆ వరస ఇప్పటికీ నాకు నోటికొచ్చు.