సాయవ్వ వరుసలో డిట్టో

1966. వానలు మొహం చాటేసిన ఏడాది. మెదక్‌లో పంటల దిగుబడి అంచనా వేసే చిన్న ఆఫీసులో నేను లెక్కల గుమాస్తాను. నా బల్ల మీద ఎప్పుడూ ప్రోగ్రాం షీట్ ఉండేది. అందులో గుర్తుల జాబితా, వాటితో చేయాల్సిన లెక్కలు వరుసగా ఉంటాయి. డబ్ల్యూ అంటే కోసిన మడిలో గింజల తూకం, ఏ అంటే ఆ మడి విస్తీర్ణం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దిగుబడి. అక్షరం బదులు అంకె పెట్టి ఫలితం తీయడాన్ని ఎవాల్యుయేట్ చేయడం అనేవాళ్లం. లెక్కల మిషను పిడి తిప్పీ తిప్పీ సాయంత్రానికి భుజం పడిపోయేది.

ఊరూరా తిరిగి కోతలు కోయించే వాళ్లు, విస్తీర్ణం పై వరుసలో ఉన్నదే అయితే అంకె రాయకుండా డిట్టో కొట్టేవారు. ఆ ఏడాది ఊళ్ల పేర్లను అక్షర క్రమంలో పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వరుసలు మార్చి రాశాను. డిట్టోలను డిట్టోలుగానే దించాను.

మా దిగుబడి అంకెలు చూసి కరువు ఊళ్లకు సర్కారు పశుగ్రాసం పంపుతోంది. ఏడుపాయల దారిలోని ఒక ఊరి పేరు ఆ కరువు జాబితాలో లేదు. ఆ ఊరి రైతు సాయవ్వ పొద్దున్నే ఆఫీసుకు వచ్చింది.

"మా ఊళ్లె పంట మస్తు పండిందని రాసిండ్రట. ఎవలు సూసిండ్రు సారూ?"

"మిషను లెక్క అవ్వా, తప్పు పోదు," అన్నాను. విసుక్కున్నాను కూడా.

"కోసింది నా చెల్కల్నే. మడి కొలిసే తాడు కొస నేనే పట్టిన. ఒకపారి పరిసి, సాలదని ఇంకోపారి పరిసిండ్రు. గంత పెద్ద మడి కోస్తె గిన్నే గింజలు. నా జోడెడ్లు లేస్తలేవు సారూ."

తాడు రెండుసార్లు పరిచారన్న మాట నన్ను ఆపింది. కోతలు కోయించినవాళ్లు పంపిన పాత చీటీ తీశాను. అందులో ఆ ఊరికి పైన ఉన్నది పెద్ద మడి కోసిన ఊరు. నా జాబితాలో పైకి వచ్చింది చిన్న మడి కోసిన ఊరు. డిట్టో ఎక్కడుంటే అక్కడి పై అంకెనే తీసుకుంది. సగం విస్తీర్ణంతో భాగించేసరికి పంట రెట్టింపయింది. మిషను తప్పు చేయలేదు. చేసింది నేను. రెండు కాగితాలూ పట్టుకుని లేచాను.

హెడ్ గుమాస్తా యోహాను గారు విని కళ్లద్దాలు తీశారు. "జల్ది సవరణ రాయుండ్రి. మీరే పట్టుకపోండ్రి," అన్నారు.

సవరణ పైకి వెళ్లి, గ్రాసం బండ్లు ఆ ఊరు చేరేసరికి మూడు వారాలు పట్టింది. తర్వాత సాయవ్వ సంతకు వచ్చి మా మెట్ల దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గడ్డి ఒచ్చింది సారూ. ఒక్క ఎద్దు తింటున్నది," అని పోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా జాబితాల్లో డిట్టో పెట్టలేదు. ప్రతి గుర్తుకూ దాని వరుసలోనే దాని విలువ రాశాను. కొత్తగా వచ్చినవాళ్లు చాదస్తమని నవ్వేవారు. ఆ రెండో ఎద్దు సంగతి వాళ్లకు చెప్పే ఓపిక నాకు ఉండేది కాదు.