ఏడ రాసుంది?

కాగితం మీద రాసి ఉంటే తప్ప లింగస్వామి దేన్నీ నమ్మడు. నల్లగొండలో ఒక సర్కారు ఆఫీసు రికార్డు గదిలో ముప్పైరెండేళ్లు ఫైళ్ల మధ్య కూర్చుంటే వచ్చిన గుణమది. వానలో నిలబడ్డవాణ్ణి తడుస్తున్నావు లోపలికి రమ్మంటే, "ఇయ్యాల వానుందని పేపర్ల రాయలేదే" అంటాడు. ఆయన భార్య సుగుణమ్మ పచ్చిపులుసు కొలతలు వంటింటి గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకుంది. ఉప్పు తక్కువైందని ఆయన అనగానే వేలు పెట్టి చూపిస్తుంది. అది చదువుకుని తినేస్తాడు.

రిటైరయ్యాక ఆయన ఎర్ర మోటారుసైకిలు మొరాయించింది. మెకానిక్కుకు ఇవ్వడట, తానే విప్పుతాడట. నేను లైబ్రరీలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. పక్క వీధే కాబట్టి నా దగ్గరికొచ్చాడు.

"ఇంజను విప్పుడెట్లనో రాసిన పుస్తకం కావాలె సారు."

"ఫోన్ల వీడియోలున్నయి గదా?"

"ఫోన్ల చెప్పినోడు రేపు నేననలే అంటే? కాయిదమే కావాలె."

నాలుగు రోజులు వెతికితే దొరికింది పొలం పంపుసెట్టు పుస్తకం ఒక్కటే. దాన్నే చంకలో పెట్టుకుని, బండి తోసుకుంటూ పానగల్ రోడ్డులోని బెంజమిన్ షెడ్డుకు బయలుదేరాడు. అక్కడైతే నీడ ఉందట, బోల్టులు విప్పే పానాలున్నాయట. నన్నూ లాక్కెళ్లాడు.

బెంజమిన్ ఊళ్లో పేరుమోసిన మెకానిక్కు. ఆ ఏడు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, దాంతో గిరాకీ పోయింది. నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేసి, సామానంతా పాత ఇనుముకు వేసేయాలని నిశ్చయించుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడకుండా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

లింగస్వామి పుస్తకం తెరిచి, "మొదట నీళ్ల గొట్టమును ఊడదీయవలెను" అని పైకి చదివాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ఏ గొట్టమూ కనపడక, పెట్రోలు పైపు పట్టుకున్నాడు.

కుర్చీలోంచి కేక వినపడింది. "అన్నా, గది గుంజకు! ముందుగాల పెట్రోలు బందు చెయ్యాలె!"

"ఏడ రాసుంది?"

"నా తలకాయల రాసుంది!"

"తలకాయ చెల్లదు బెంజమిన్. కాయిదం మీదికి రావాలె. సారూ, రాయుండ్రి."

అలా నేను రాతగాణ్ణయ్యాను. బెంజమిన్ చెప్పడం, నేను నోటుబుక్కులో రాయడం, లింగస్వామి దాన్ని చదివి బోల్టు తిప్పడం. కార్బొరేటరుకే మూడు పేజీలు పట్టింది.

"గట్టిగ బిగియ్యి," అన్నాడు బెంజమిన్.

"ఎంత గట్టిగ?"

"మా సాలమ్మ తొక్కు సీసా మూత బిగిస్తది సూడు, గంత."

"రాయుండ్రి సారూ."

రాశాను. సాలమ్మ బెంజమిన్ భార్య. తన పేరు ఇంజను పుస్తకంలోకెక్కిందని వారం రోజులు అందరికీ చెప్పుకుంది.

ఎంత రాసినా, అంతా బిగించాక ఒక బోల్టు మిగిలేది.

"ఇది నీ బండిదే కాదన్నా! నేల మీదిది కలిసుంటది."

"కాదని ఏడ రాసుంది?"

"విప్పు! మొత్తం విప్పు! సూపిస్త!" బెంజమిన్ మొహం ఎర్రబడేది. ఎడమచేత్తో గాలిలో పానా తిప్పుతూ కుర్చీలోంచి లేచి వచ్చేవాడు. రోజుకో బోల్టు, రోజుకో నాలుగు పేజీలు.

దారిన పోయేవాళ్లు నవ్వడానికి ఆగి, వినడానికి ఉండిపోయారు. పాలు పోసే బీరన్న చెప్పినట్టు చేసి తన బండి క్లచ్చు తానే మార్చుకున్నాడు. ఉమారాణి టీచరు చీర కుచ్చిళ్లు దోపుకుని స్కూటరు ప్లగ్గు విప్పింది. నెలాఖరుకు పాత ఇనుము కొనేవాడు వస్తే బెంజమిన్, "ఇయ్యాల తీరిక లేదు, పో!" అన్నాడు. మర్నాడు షెడ్డుకు బోర్డు కట్టాడు: "ఇక్కడ ఎవరి బండి వారే బాగు చేసుకోవచ్చును. చెప్పువాడు బెంజమిన్." తోచింది ఇవ్వగలరని సాలమ్మ దాని కింద చేర్పించింది.

ఒకరోజు లింగస్వామి ఇంటికి వెళితే సుగుణమ్మ ఒక్కతే ఉంది.

"బండి ఇంకెన్ని రోజులు సతాయిస్తదమ్మా?" అన్నాను.

"ఎక్కడి సతాయింపు సారు? నిన్ననే దాని మీద మా అక్కగారింటికి పోయొచ్చినం. మలుపు దాంక నడుపుకపోతడు, ఆన్నుంచి తోసుకపోతడు. కూరగాయలు తెమ్మంటే పాత సామాన్ల దుకాణంల బోల్టులు ఏరుకొస్తడు. ఏం మనిషో!"

ఆ సాయంత్రం షెడ్డు దారిలో, మలుపు దగ్గర ఇంజను ఆపి దిగుతుండగా ఆయన్ని పట్టుకున్నాను. చొక్కా జేబు బరువుగా వేలాడుతోంది.

"బండి బాగనే ఉందట గదా. ఇదంతా బెంజమిన్ కోసమేనా లింగస్వామీ?"

"ఎవలన్నరు?"

"సుగుణమ్మ."

"రాసిచ్చిందా?"

"లేదు."

"అయితే అది జరగనే లేదు సారు," అని బండి తోయడం మొదలుపెట్టాడు. "జర ఎనక పట్టుండ్రి, చెడిపోయింది."

పట్టాను.

నోటుబుక్కులో చివర రెండు పేజీలు మిగిలితే వాటి మీద ఇది రాశాను. రేపు షెడ్డులో అందరి ముందూ ఆయన చేతికిచ్చి, పైకి చదవమంటాను.