ఆయన చెప్పింది ఎర్ర పడవ

మా పక్కింటి తాత పోయాడని మా నాయన ఫోను చేసినప్పుడు నేను బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "పొద్దున గొర్రెల తొట్టి కాడ కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు పాపా. వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. అనంతపురం నుంచి మడకశిర దాకా బస్సులో నాకు ఏడుపు రాలేదు. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి పదేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. ఇక వినడానికి ఆయన లేడు. అందుకే మీకు చెబుతున్నాను.

తాత వడ్రంగి. వయసులో ఉండగా, వానలు లేని ఏడాదొకటి ఊరు ఖాళీ చేయిస్తే మంగళూరు పోయి, అక్కడ పడవలు కట్టే షెడ్లలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. సరుకు మోసే కొయ్య పడవలు, మరమ్మతుకు వచ్చే విదేశీ తెరచాప పడవలు, అన్నిటి పొట్టలూ ఆయన చేతికి తెలుసు. వడ్రంగిగానే రెండుసార్లు పడవెక్కి అరబ్బు రేవులకూ పోయి వచ్చాడు. ఓపిక తగ్గాక ఊరికి తిరిగొచ్చి తలుపులు, మంచాలు, ఎద్దులబండి చక్రాలు చేసుకుంటూ ఉండేవాడు. చెవి మీద పెన్సిలు, నోట్లో వక్క. చెక్క నునుపు చూడాలంటే కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరేవాడు. ఇంటి తలుపుకు కూడా చెక్కల సందుల్లో పీచు కూరి తారు పూసేవాడు. "వానే లేని ఊర్లో తలుపుకు తారెందుకు తాతా?" అని నేనడిగితే, "వస్తే?" అనేవాడు.

నేను మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని. మా నాయన గొర్రెలు కాస్తాడు, వేలిముద్ర వేస్తాడు. నేను నేల మీద బోర్లా పడుకుని రాసుకుంటుంటే చూసి తాత నాకొక ఏటవాలు పీట చేసిచ్చాడు. ఇప్పటికీ దాని మీదే రాస్తున్నాను.

తాత ఒకసారి పుట్టపర్తిలో ఒక లాడ్జికి మంచాలు చేయడానికి పోయాడు. అక్కడ దిగిన ఒక విదేశీ పెద్దాయన, ఆయన భార్య పరిచయమయ్యారు. ఒకరి భాష ఒకరికి రాదు. తాత రంపపు పొట్టులో వేలితో పడవ గీస్తే, ఆ పెద్దాయన కింద కూర్చుని దానికి తెరచాప గీశాడట. వాళ్లు తమ దేశం పోయిన కొన్నాళ్లకు నా చేతికి ఉత్తరం వచ్చింది. మా ఊరికి తపాలా సరిగా వచ్చేది కాదు కాబట్టి తాత నా బడి చిరునామా ఇచ్చాడు. అప్పుడు నేను పదో తరగతి. మా వీధిలో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే.

భార్యాభర్తలిద్దరూ ఇల్లు అమ్మేసి, ఒక తెరచాప పడవ కొని, మిగిలిన జీవితం సముద్రాల మీద తిరుగుతూ గడపాలనుకుంటున్నారు. రెండు పడవలు చూశారు. వాటిని ఒడ్డు మీదికి ఎత్తి నిలబెట్టినప్పుడు అడుగు భాగం కనబడేట్టు తీసిన ఫోటోలు రెండు పంపారు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. ఏది కొనమంటారు అని అడిగారు.

"ఎర్రది," అన్నాడు తాత, నేను చదవడం పూర్తి కాకముందే. తర్వాత ఫోటోను వెలుగుకు పట్టి, బొటనవేలితో ఆ పొట్ట మీద నిమిరాడు. "సూడు పాపా, ముక్కు కాన్నుంచి తోక దాంక వెన్ను ఎట్ల దిగిందో. చుక్కాని ఆ వెన్నుకే ఆనుకోని ఉండాది, యాడన్నా రాయి తగిలినా ఊడిపోదు. పొట్ట లోతు, బరువంతా అడుగున. అల తోస్తే వంగుతాది, మళ్లా లేస్తాది. తెల్లదాని పొట్ట పళ్లెం మాదిరి. కింద కత్తి మాదిరి ఒక రెక్క, చుక్కాని ఒంటిగా యాలాడతాండాది. పందేలకు బాగుంటాది. నడి సముద్రంలో అల మీదనుంచి పడినప్పుడల్లా పళ్లెం ఏసి కొట్టినట్టు మోగుతాది. మనిషి నిద్రపోలేడు."

తాత భార్య, మా అవ్వ, చేటలో శనక్కాయలు చెరుగుతూ అంది, "తాగను బిందెడు నీళ్లు ల్యావు ఇంట్లో. ఈయనకు నడి సముద్రం కావాల్నంట. ఏమప్పా, ఆ దొరసానమ్మ కూడా పోతాందా? వంట యాడ చేసుకుంటాది?"

"అందుకే ఎర్రది అంటాండా. దాంట్లో పొయ్యి మీద గిన్నె నిలుస్తాది." తాత నావైపు తిరిగాడు. "బరువుది తీసుకోమని రాయి పాపా. ఉత్త బండి రాళ్ల మీద ఎగురుతాది, మూటలేసిన బండి కుదురుగా పోతాది. పడవంటే సూడి గొర్రె మాదిరి ఉండాల. ఎంత గాలొచ్చినా కాళ్లు నాటుకోని నిలబడుకుంటాది. అట్లే రాయి."

ఉత్తరం రాసుకొస్తానని ఇంటికి వచ్చాను. సూడి గొర్రెకు ఇంగ్లీషేమిటో నాకు తెలియదు. కడుపుతో ఉన్న గొర్రె అని విదేశాలకు రాయాలంటే సిగ్గేసింది. మా ఊరి మొరటుతనమంతా ఆ ఒక్క ముక్కలో వాళ్లకు కనబడుతుందనిపించింది. అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారమే మాకు బడిలో సాంద్రత పాఠం చెప్పారు. ఇనుపగుండు మునుగుతుంది, బెండు తేలుతుంది. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు. నేను చూసిన లోతు నీళ్లల్లా మా ఊరి బావే, అందులో బరువైనదేదీ పైకి తేలడం నేను చూడలేదు. ముసలాయన ఏదో పొరబడ్డాడు, వాళ్లు నవ్వుతారు, నేను సరిచేస్తాను అనుకున్నాను. తాత చెప్పిన వెన్ను, పొట్ట, బండి, గొర్రె అన్నీ వదిలేసి, మంచి దస్తూరీతో నాలుగు వాక్యాలు రాశాను. తెల్ల పడవే తీసుకోండి, తేలికైనది మునగదు, అని మా మేస్త్రీ చెబుతున్నాడని రాశాను.

నాకు సరిగా వినబడక కాదు. అన్నీ వినే మార్చాను.

తెల్లది కొన్నామని, మేస్త్రీకి చాలా కృతజ్ఞతలని జవాబు వచ్చింది. "ఏది కొన్న్యారంట?" అని తాత అడిగాడు. "ఎర్రదే తాతా," అన్నాను. ఆయన ముఖం వెలగడం చూసి, అది అంత పెద్ద అబద్ధమని కూడా నాకు తోచలేదు. సంబరపడి వారం రోజులు కూర్చుని వేప చెక్కతో రెండు పడవలూ చెక్కాడు. అడుగున ఇనుప ముక్కలు దిగ్గొట్టి, ఎర్ర రంగొకటి, సున్నమొకటి పూశాడు. ఒకరోజు గట్టి వాన పడి గొర్రెలు తాగే రాతితొట్టి నిండితే, అందరినీ పిలిచి వాటిని నీళ్లలో వదిలి, అరచేత్తో అల లేపాడు. తెల్లది టపటపా కొట్టుకుని పక్కకు పడి, అట్లే ఉండిపోయింది. ఎర్రది వంగింది, నీళ్లు మింగినట్టు ఒక క్షణం ఆగింది, నిదానంగా లేచి నిలబడింది.

"సూసినారా దొర అదృష్టం!" అన్నాడు తాత.

ఆ మధ్యాహ్నమే నాకు అర్థమైంది. ఆరోజే ఇంకో ఉత్తరం రాసి ఉండవచ్చు. రాయలేదు. చదువుకున్న పిల్ల తప్పు రాసిందంటే నాయన ముఖం ఎట్లుంటుందోనని భయపడ్డాను. తర్వాత పరీక్షలని సాకు పెట్టుకున్నాను.

పరీక్షలకు ముందు ఒక రేవు నుంచి ఉత్తరం వచ్చింది. పడవ వేగంగానే పోతోంది, కానీ అలలు పెద్దవైతే అడుగు పగిలిపోయేట్టు మోగుతోంది, భార్య విసురుకు పడి చెయ్యి విరిగింది, ఇద్దరికీ నిద్ర లేదు అని రాశాడు ఆ పెద్దాయన. అసలు పెద్ద సముద్రం ఇంకా ముందుంది. ఆమె చెయ్యి అతుక్కునేదాకా ఒక నెల ఈ రేవులోనే ఉంటాం, ఏం చేయాలో మేస్త్రీని అడిగి వెంటనే రాయండి, అని చివర వేడుకున్నాడు.

ఆ ఉత్తరాన్ని నేను సాంఘికశాస్త్రం పుస్తకంలో పెట్టి, చివరి పరీక్ష అయ్యేదాకా తాతకు చూపలేదు. ఇరవై రోజులకు పైనే. తీరా చదివి వినిపించినప్పుడు అన్నీ ఉన్నదున్నట్టు చదివాను, పడవ రంగు తప్ప.

తాత ఉత్తరాన్ని నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎర్రది అట్ల కొట్టదే," అన్నాడు.

నేను తల వంచుకున్నాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి, మొన చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. నా ముఖంలోకి చూడలేదు. అవ్వను నీళ్లడిగి తాగాడు.

"జాబు కాయితం ఉండాదా?"

"ఉంది తాతా."

"రాయి. ముందు జాబులో తెల్లది తీసుకోమని చెప్పింది నా తప్పు. ముసలోన్ని, పొటోలు రెండూ కలగలిపి సూసినా."

నా పెన్ను ఆగిపోయింది. తెల్లదని నేను ఆయనతో ఎన్నడూ అనలేదు.

"రాయి పాపా. వాళ్లకు టయిం ల్యా."

రాశాను. ఆయన ఒక్కొక్క మాటా నిదానంగా, నేను రాసేదాకా ఆగి ఆగి చెప్పాడు. "మీ పడవ మేకపిల్ల మాదిరి. ఎగరడం దాని గుణం, దాన్ని తిట్టొద్దు. గాలి ముదరకముందే చాపలు దించుకోండి. అల ఎనకనుంచి తరిమితే, పొడుగాటి తాడు చివర బరువు కట్టి ఎనకపక్క నీళ్లలోకి వదలండి. అది పడవను పట్టి లాగుతాది, పక్కకు తిరగనీదు. బరువు పడవలో ల్యాకపోతే పడవ ఎనకన్నా ఉండాల. అమ్మను కింద, నడిమధ్యన పడుకోబెట్టండి. ఆడ కుదుపు తక్కువ." ఈసారి నేను ఒక్క మాటా మార్చలేదు. మేకపిల్లను మేకపిల్లగానే రాశాను.

రెండు నెలల తర్వాత ఆ ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది. ఆ పడవ రేవు విడిచి పోయిందని కవరు మీద ఎవరో రాశారు. "చేరిందంటనా?" అని తాత ఒక్కసారే అడిగాడు. "చేరింది తాతా," అన్నాను. అది నేను ఆయనతో ఆడిన రెండో అబద్ధం. ఆ తర్వాత వాళ్ల దగ్గరనుంచి ఏ ఉత్తరమూ రాలేదు. నేను కాలేజీకి పోయేటప్పుడు తాత నాకొక పెట్టె చేసిచ్చాడు, దాని సందులకూ తారు పూసి. పడవ మాట మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు నేను సైన్సు టీచర్ని. ఏటా ఆ పాఠం చెప్పాలి. బరువైనవి మునుగుతాయని ఏ పిల్లో చెయ్యెత్తి చెప్పినప్పుడు నేను బోర్డు వైపు తిరిగిపోతాను. నెట్ సెంటర్లో కూర్చుని వాళ్ల పేర్లు చాలాసార్లు వెతికాను. ఏమీ దొరకలేదు. వాళ్లు ఏ ఒడ్డుకైనా చేరారో లేదో నాకు తెలియదు. చేరకపోయి ఉంటే, తమకు తప్పుడు పడవ చెప్పింది మా తాతేనని అనుకుంటూ ఉండిపోయారు. ఆయన చేత్తో తాకిన దేనినీ తప్పుగా అంచనా కట్టని మనిషి. ఆయన చెప్పింది ఎర్ర పడవ. ఈ ఒక్క వాక్యం ఎక్కడైనా అచ్చులో ఉండాలని ఇదంతా రాశాను.

పదో దినం పనులు ముగిశాక అవ్వ నన్ను గొర్రెల దొడ్డి వైపు పిలిచింది. "ఆ బొమ్మ పడవను ఎత్తుకపో పాపా. గొర్రెలు నీళ్లు తాగను మూతి పెడితే అడ్డమొస్తాంది. ఆయన ఉన్నన్నాళ్లూ తియ్యనిచ్చినాడు కాదు."

ఎర్రదే అయి ఉంటుందనుకుంటూ పోయాను. ఎర్రది చూరులో దుమ్ము పట్టి ఉంది. తొట్టిలో ఉన్నది తెల్లది. సున్నమంతా ఎప్పుడో రాలిపోయి చెక్క నల్లబడింది. ఒక గొర్రె మూతితో నెట్టింది. పడవ గిర్రున తిరగబోయి, వెనక ఏదో పట్టి లాగినట్టు ఆగి, మళ్లీ ముక్కు నేరుగా పెట్టుకుంది. నీళ్లలో చెయ్యి పెట్టి చూశాను. దాని తోకకు పొడుగాటి దారం, దారం చివర ఒక గులకరాయి.

చెక్క పాతది. దారం కొత్తది.